ఒక్క మెతుకు

స్థాలీపులాక న్యాయాన్ని ముప్పై మూడేళ్ళపాటు పిల్లలకు బోధించాను. స్థాలి అంటే వంటకుండ, పులాకం అంటే మెతుకు. కుండెడు అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గరిటెతో ఒక్క మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపి చూస్తే చాలునని తాత్పర్యం. అన్ని మెతుకులూ పట్టి చూస్తే అది పరీక్ష అనిపించుకోదు, భోజనం అనిపించుకుంటుంది అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. ఏటేటా అదే చోట అదే నవ్వు.

దానికి నేనొక ఉదాహరణ కూడ చెప్పేవాణ్ణి. మా ఇంట మా నాన్నగారి చేతివ్రాతలో ఒక తద్దినాల పుస్తకం ఉన్నది. నాలుగు తరాల పెద్దల పేర్లు, వారి తిథులు, తెలిసినంతవరకు వయస్సులు అందులో ఉన్నాయి. పేర్లు పదకొండు, వయస్సు వ్రాసినవి తొమ్మిది. ఆ తొమ్మిదింటి సగటు సరిగ్గా 71. "చూశారా, మన పూర్వులు ఆసుపత్రులు లేని కాలంలో కూడ డెబ్భై దాటి బ్రతికారు. మితాహారం, నియమం, నడక! మా ఇల్లు ఒక్క మెతుకు, దేశమంతా కుండ" అని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు.

ఆ మాట తప్పు. ఎంత తప్పో తెలియడానికి ఉద్యోగ విరమణ తరువాత ఇన్నేళ్ళు పట్టింది.

కారకుడు మా మేనల్లుడు. అక్క కొడుకు. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో ఉంటాడు. భూమి క్రింద ఖనిజం ఎంత ఉన్నదో త్రవ్వకముందే లెక్కకట్టడం అతని వృత్తి. దానిని వాళ్ళు రిసోర్స్ ఎస్టిమేషన్ అంటారు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాను, "త్రవ్వకుండా ఎట్లా చెబుతారురా?" అని. అక్కడక్కడ సన్నని లోతైన రంధ్రాలు వేసి, వచ్చిన రాతిని పరీక్షించి, నడుమనున్నది ఊహిస్తామన్నాడు. "ఓహో, స్థాలీపులాక న్యాయం" అన్నాను, నాకు తెలిసిన ఊరు వచ్చినట్లుగా. వాడు నవ్వి, "అన్నం కుండ అయితే సరే మామయ్యా. ఉడికే నీళ్ళు అన్ని మెతుకులనూ సమానంగా కలియబెడతాయి. భూమిని ఎవరు కలియబెట్టారు?" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు ముప్పై మూడేళ్ళలో తోచలేదు.

వాడు చెప్పిన కథ దక్షిణాఫ్రికాది. అక్కడ విట్‌వాటర్స్‌రాండ్ అనే ప్రాంతంలో 1886లో బంగారం బయటపడింది. జొహానెస్‌బర్గ్ నగరం ఆ బంగారం వల్ల పుట్టినదే. ఆ బంగారం మన కథలలో వలె ముద్దలుగా ఉండదు. గులకరాళ్ళు కలిసి గట్టిపడిన పలుచని రాతిపొరలలో రేణువులుగా ఉంటుంది. గనిలో ఒక రాతి ఖండం చుట్టూ సొరంగాలు తొలిచి, ఆ గోడలలో కొన్ని అడుగులకొకచోట నమూనా చెక్కి తీసి, వాటి సగటును ఖండమంతటికీ విలువగా కట్టేవారు. లెక్క తప్పేది. ఆ తప్పు ఇష్టం వచ్చినట్లు అటూ ఇటూ పడితే సర్దుకొని ఉండేవారేమో! కాని దానికొక పద్ధతి ఉన్నది. మిక్కిలి విలువైనవని లెక్కకు వచ్చిన ఖండాలు త్రవ్వి చూస్తే అనుకున్నంత బంగారం ఇచ్చేవి కావు. నాసివని తేల్చినవి మాత్రం, త్రవ్వితే, అనుకున్నదానికన్న ఎక్కువే ఇచ్చేవి.

డానీ క్రిగ్ అనే గని ఇంజనీరు దీని మర్మాన్ని 1951లో గణితంతో చూపించాడు. నాకు అర్థమైనంతలో చెబుతాను. నమూనాలో బంగారం ఎక్కువ కనబడినచోట కొంత నిజం ఉంటుంది, కొంత అదృష్టం ఉంటుంది. ఉలి పడినచోటనే ఒక రేణువు ఉండటం అదృష్టం. మనం ఎక్కువ కనబడిన ఖండాలనే ఏరుకుంటాము గనుక నిజంతోపాటు అదృష్టాన్ని కూడ ఏరుకుంటాము. త్రవ్వేటప్పుడు నిజం మాత్రమే చేతికి వస్తుంది. కాబట్టి ఒక ఖండం విలువ కట్టేటప్పుడు దాని అంచు నమూనాలను మాత్రమే నమ్మక, గని మొత్తపు సగటు వైపు కొంత జరపాలి అన్నాడు క్రిగ్.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదంటే నమ్మండి. యూనిట్ పరీక్షలో తొంభై తెచ్చుకున్నవాడు తరువాతి పరీక్షలో డెబ్భై ఐదు తెచ్చుకుంటే "తలకెక్కిందిరా నీకు" అని మందలించేవాణ్ణి. పది తెచ్చుకున్నవాణ్ణి బెత్తంతో సత్కరిస్తే వాడు తరువాత పాతిక తెచ్చుకొనేవాడు. అది నా బెత్తం మహిమ అనుకొనేవాణ్ణి. ఆ తొంభైలో కొంత ఆ రోజు వచ్చిన ప్రశ్నల అదృష్టమూ, ఆ పదిలో కొంత ఆ రోజు జ్వరమో ఆకలో ఉండి ఉంటాయన్న ఊహ ఒక్కనాడూ రాలేదు. నేను దెబ్బలు వేయకపోయినా ఆ పాతిక వచ్చి ఉండేది. ఇప్పుడు ఎవరిని పిలిచి ఈ మాట చెప్పను?

ఫ్రాన్సులో జార్జ్ మాథెరాన్ అనే గణితవేత్త 1960ల తొలినాళ్ళలో క్రిగ్ ఆలోచనను పెద్ద శాస్త్రంగా విస్తరించి, అతని గౌరవార్థం ఆ పద్ధతికి క్రిగింగ్ అని పేరు స్థిరపరచాడు. రెండు నమూనాల నడుమ దూరం పెరిగేకొద్దీ వాటి పోలిక ఎట్లా తగ్గిపోతుందో ముందు లెక్కిస్తారు. ఆ పైన దగ్గరి నమూనాకు ఎక్కువ విలువ, దూరపుదానికి తక్కువ ఇస్తారు. ఒకేచోట గుంపుగా ఉన్నవాటికి తలా కొంచెమే ఇస్తారు, అవన్నీ ఒకే మాట చెప్పే సాక్షులు గనుక. జానెడు దూరంలో తీసిన రెండు నమూనాలు కూడ బొత్తిగా పోలకపోవచ్చు, బంగారంలో అది మరీ ఎక్కువ. దానికి నగ్గెట్ ఎఫెక్ట్ అని పేరు పెట్టుకున్నారు. నాకన్నిటికన్న నచ్చినది వేరొకటి. ఆ లెక్క జవాబుతోపాటు జవాబు ఎంతవరకు నమ్మదగినదో కూడ చెబుతుంది. ఆస్ట్రేలియాలో 1989 నుండి జోర్క్ అనే నియమావళి ఉన్నదట. దాని ప్రకారం ఖనిజ వనరును ఊరికే "ఇంత ఉన్నది" అనరాదు. నమ్మకం హెచ్చుగా ఉంటే మెజర్డ్ అనాలి, కొంత తగ్గితే ఇండికేటెడ్, కొద్దిపాటి ఆధారంతో ఊహించినదైతే ఇన్ఫర్డ్. మన వంశచరిత్రలకూ, కవుల కాలనిర్ణయాలకూ ఇటువంటి నియమావళి ఒకటి ఉంటే ఎన్ని వాదాలు తప్పేవో!

(మోసం సంగతి వేరు. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ ప్రకటించిన మహా నిక్షేపం బూటకమనీ, పొడిచేసిన నమూనాలలో బయటి బంగారం కలిపారనీ 1997లో తేలింది. మెతుకే దొంగ మెతుకైతే ఏ న్యాయమూ అక్కరకు రాదు.)

జొహానెస్‌బర్గ్ పేరు వినగానే నాకు మరొక సంగతి జ్ఞాపకం వచ్చింది. సూర్యుని తరువాత మనకు అత్యంత సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీని రాబర్ట్ ఇన్నిస్ అనే ఖగోళవేత్త కనుగొన్నది ఆ నగరంలోని వేధశాల నుండే, 1915లో. దూరం 4.2 కాంతి సంవత్సరాలు. ఆకాశంలో మన పక్కింటివాడు! అయినా 1915 వరకు ఎవరికీ తెలియదు, కారణం అది మిక్కిలి మసకైన ఎర్రని చిన్న చుక్క. మామూలు కంటికి కనబడదు.

ఆ రాత్రి మేడ మీద కూర్చొని మేనల్లునికి రోహిణిని చూపిస్తూ ఈ మాట చెబితే, "అది కూడ ఇదే లెక్క మామయ్యా" అన్నాడు. తరువాత నేను చదువుకొని చూస్తే నిజమే. నక్షత్రాలలో ఇంచుమించు నూటికి డెబ్భై ఐదు ఆ ప్రాక్సిమా జాతివే, ఎర్రని మరుగుజ్జు తారలు. వాటిలో ఒక్కటైనా దూరదర్శిని లేకుండా మనకు కనబడదు. మనకు కనబడే చుక్కలలో అధికభాగం సూర్యునికన్న ఎన్నో రెట్లు ప్రకాశించేవి. రోహిణి, చిత్త, స్వాతి, జ్యేష్ఠ అన్నీ ఆ కోవలోనివే. అవి చాలా దూరం నుండి కూడ కనబడతాయి, కనుక మన జాబితాలో చేరిపోతాయి. మసకవి పక్కనే ఉన్నా చేరవు. కంటికి కనబడేవాటిని లెక్కించి "నక్షత్రాలంటే ఇంతటి ప్రకాశవంతాలు" అంటే మా తద్దినాల పుస్తకం లెక్కవంటిదే. స్వీడన్ ఖగోళవేత్త గున్నార్ మాల్మ్‌క్విస్ట్ 1920లలో ఈ దోషాన్ని గణితబద్ధం చేశాడు. నేటికీ అది అతని పేరుననే వ్యవహారంలో ఉన్నది.

అంతకు ముందే విలియం హెర్షెల్ ఇంతకన్న పెద్ద పొరపాటు చేసి, తానే గ్రహించాడు. అతడు పెద్ద దూరదర్శినితో ఆకాశాన్ని ఆరువందలకు పైగా చోట్ల గాలించి, చూపులో పడిన చుక్కలను లెక్కపెట్టి, 1785లో మన నక్షత్ర మండలానికి ఒక పటం గీశాడు. అందులో సూర్యుడు ఇంచుమించు నడుమ ఉన్నాడు. చుక్కలు అంతటా సమానంగా చల్లినట్లు ఉన్నాయనీ, తన దూరదర్శిని మండలపు అంచు దాకా చూడగలదనీ అతని ఊహ. రెండూ నిలువలేదు. నక్షత్రాల మధ్య ధూళి ఉన్నది, అది వెనుకనున్న చుక్కలను కప్పివేస్తుంది. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ ఆ ధూళి సంగతి రుజువు చేశాడు. సూర్యుడు నడుమ లేడనీ, కేంద్రం ధనూరాశి దిశలో చాలా దూరాన ఉన్నదనీ హార్లో షాప్లీ 1918లోనే చెప్పి ఉన్నాడు.

ఇక్కడ మా పాతచదువు అడ్డు తగిలింది. భాట్ట మీమాంసకులు అంగీకరించే ఆరు ప్రమాణాలలో కడపటిది అనుపలబ్ధి. నేల మీద కుండ కనబడలేదు, కనుక లేదు. కాని వారు అక్కడితో ఆగలేదు, యోగ్యానుపలబ్ధి కావాలన్నారు. కుండ అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేంత వెలుగు ఉండాలి. చీకటి గదిలో తడివి "కుండ లేదు" అంటే చెల్లదు. హెర్షెల్ చీకటి గదిలో చూశాడు. ఈ శాస్త్రాన్ని నేను పరీక్షకు చదివి ఉత్తీర్ణుణ్ణయ్యాను సుమా! ఇంట్లోని పుస్తకానికి అన్వయించుకోవాలని తోచలేదు.

ఆ పుస్తకం మేనల్లుడు వెళ్ళే ముందురోజు నేనే బయటికి తీసి చూపించాను, 71 లెక్క గొప్పగా చెబుతూ. వాడు పేర్లన్నీ ఓపికగా చదివి, "ఇందులో ఎవరెవరు లేరు మామయ్యా?" అన్నాడు.

సమాధానం నేను మా ఇంట్లో వెదకలేదు. ముందు రోములో వెదికాను. ఇంటిసంగతికన్న పరాయి సంగతి పరిశోధించడం తేలిక. శాసనాల మీద చిన్ననాటి నుండి ఉన్న మమకారం కూడ ఒక కారణం. రోమనుల శాసనాలను సంకలనం చేసే బృహత్కార్యాన్ని థియొడోర్ మామ్‌సెన్ 1853లో బెర్లిన్‌లో ప్రారంభించాడు. రోము నగరపు శాసనాలకు కేటాయించిన ఆరవ సంపుటంలోనే నలభై వేలకు చేరువగా ఉన్నాయి. చాలా భాగం సమాధి రాళ్ళు. పైన డి, ఎం అని రెండక్షరాలు ఉంటాయి, పితృదేవతలకు అని అర్థం. పిమ్మట పోయినవారి పేరు, బ్రతికిన ఏళ్ళు, రాయి వేయించినవారి పేరు. పసిబిడ్డలకైతే ఏళ్ళు, నెలలు, రోజులు, ఒక్కొక్కచోట గంటలు కూడ. ముప్పై ఏళ్ళు బ్రతికినవానికి గంటలు ఎవరూ లెక్కపెట్టరు.

ఇన్ని వయస్సులు చేతిలో ఉంటే ఎవరైనా సగటు కడతారు. పంతొమ్మిదో శతాబ్దపు చివర నుండి చాలామంది పండితులు అదే పని చేసి, రోమనుల ఆయుర్దాయం ఇంత అని వ్రాశారు. 1966లో కీత్ హాప్‌కిన్స్ అనే చరిత్రకారుడు ఆ పనినంతా ప్రశ్నించాడు. రాళ్ళు చెప్పేది ఎవరు ఎప్పుడు పోయారన్నది కాదు, ఎవరు పోతే ఎవరికి రాయి వేయించే అలవాటు ఉన్నదన్నది మాత్రమే అన్నాడు. భార్య చిన్నవయస్సులో పోతే భర్త రాయి వేయిస్తాడు, ముసలితనంలో పోయేసరికి భర్త ఉండడు. కనుక రాళ్ళలో స్త్రీలు అకాలంలో పోయినట్లు కనబడతారు. ఉత్తరాఫ్రికా రాళ్ళను నమ్మితే అక్కడ నూరేళ్ళు నిండినవారు కోకొల్లలు. వయస్సులలో చాలాభాగం సున్నాతోనో ఐదుతోనో అంతమవుతాయి, ఎవరికీ సరిగ్గా తెలియదు గనుక.

ఇది చదివి లేచి వెళ్ళి మా పుస్తకం తెరిచాను. 70, 75, 80, 65, 60, 80, 75, 68, 66. తొమ్మిదింటిలో ఏడు!

రాళ్ళలో అన్నిటికన్న తక్కువగా కనబడేవారు ఏడాది నిండని బిడ్డలు. అట్టి సమాజాలలో పుట్టిన ప్రతి నలుగురిలో ఒకరో, అంతకు కొంచెం ఎక్కువో ఏడాదిలోగానే పోతారని జనాభా శాస్త్రజ్ఞుల అంచనా. పుట్టుకనాటి ఆయుర్దాయం ఇరవై ముప్పైల మధ్య. ఆ బిడ్డలకు రాళ్ళు లేవు. పళ్ళు రాకముందు పోయిన బిడ్డను దహనం చేయడం లోకాచారం కాదని ప్లీనీ తన మహాగ్రంథంలో వ్రాశాడు. మన మనుస్మృతిలో కూడ రెండేళ్ళు నిండని బిడ్డను భూమిలో ఉంచమనీ, అగ్ని కార్యమూ ఉదక దానమూ వద్దనీ ఉన్నది. వాళ్ళకూ మనకూ ఎంత దూరం! రోమను సామ్రాజ్య కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్, రెండేళ్ళ కూతురు పోయినప్పుడు భార్యకు వ్రాసిన ఉత్తరం ఉన్నది. అంత చిన్నవారికి తర్పణాలు విడువకపోవడమే మన ఆచారమని ఆయన ఆమెను ఊరడించాడు. ఆమె ఏమనుకున్నదో వ్రాసి లేదు.

ఆస్టియా దగ్గర ఇసోలా సాక్రా అనేచోట రోమను శ్మశానాన్ని గ్వీడో కాల్జా 1925 నుండి 1940 వరకు త్రవ్వించాడు. ఉన్నవారికి ఇళ్ళవంటి సమాధులు. లేనివారికి నేలలో పాతిన మట్టి కూజా మెడ మాత్రమే పైకి కనబడుతుంది. ఆ మెడలోగుండా లోపలి వారికి ద్రవాలు పోసేవారట. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నువ్వులూ నీళ్ళూ విడిచిన చేయి కదా ఇది! రోముకు ఉత్తరాన లుగ్నానో అనే ఊరిలో 1980ల చివర డేవిడ్ సోరెన్ బృందం త్రవ్వితే పాడుపడిన ఒక భవనపు గదులలో నలభై ఏడుగురు శిశువులు బయటపడ్డారు. అయిదో శతాబ్దం నాటివారు. కొందరిని కూజాలలో పెట్టి పాతారు. ఒక శిశువు ఎముకలో మలేరియా క్రిమి ఆనవాళ్ళు దొరికాయి. ఏ రాతి మీదా వారి పేర్లు లేవు. రాళ్ళను మాత్రమే చదివినవారికి వారు పుట్టనే లేదు.

ఇక రోము నుండి ఇంటికి రాక తప్పలేదు.

మా పుస్తకంలోకి ప్రవేశించాలంటే తద్దినం పెట్టే కొడుకు ఉండాలి. కొడుకు ఉండాలంటే పెద్దయి పెళ్ళి చేసుకొనేదాకా బ్రతకాలి. అందులో ఉన్న ప్రతివారూ ఎవరికో తల్లి లేక తండ్రి. వారి సగటు వయస్సు డెబ్భై ఒకటి కాక మరేమవుతుంది? బాగా వెలిగే చుక్కలను మాత్రమే రానిచ్చే పుస్తకం అది.

అక్కకు డెబ్భై ఎనిమిది. వారం ఆగి ఆమెనే అడిగాను, "అమ్మకు ఎన్ని కాన్పులక్కా?" అని. "తొమ్మిది" అన్నది, కూర తరుగుతున్నది కత్తిపీట మీద నుండి తల ఎత్తకుండానే. మేము పెరిగినవాళ్ళం అయిదుగురం. ముగ్గురు పురిటిలోనే. "మరి తొమ్మిదో బిడ్డ?" అన్నాను. అక్క తరగడం ఆపింది.

ఆడపిల్లట. నేను పుట్టడానికి ముందు. ఏడు నెలల పదకొండు రోజులు ఉన్నదట. రోజులు కూడ ఎట్లా తెలుసునని అడిగితే, "అమ్మ చెప్పేది గదరా, పోయేదాకా చెప్పేది" అన్నది. కాలువ గట్టున చింతచెట్టు మొదట్లో పెట్టి వచ్చారట. బారసాలనాడు పెట్టిన పేరు అన్నపూర్ణ. ఇంటిలో ఎవరూ ఆ పేరుతో పిలువలేదు, చంటిది అనేవారు. అరవై ఏడేళ్ళ వచ్చి, తద్దినాలు పెట్టే కర్తనై ఉండి, నాకొక అక్క ఉండేదని మొన్న తెలిసింది. నాన్నగారు చెప్పలేదు. అమ్మ నాకు ఎందుకు చెప్పలేదో, నేనెప్పుడైనా అడిగానా? కుండ లేదన్నాను, దీపం పట్టుకు చూడకుండానే.

భోగికి ముందురోజు పోయిందని అక్కకు నిశ్చయంగా జ్ఞాపకం, పిడకల దండలు చేసి ఉంచినవి అట్లాగే ఉండిపోయాయట. ఏ ఏడు అన్నదే తేలడం లేదు. ఊళ్ళో గోడలన్నిటి మీద ఎన్నికల వ్రాతలు ఉన్నాయంటుంది. ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు 1955 ఫిబ్రవరిలో జరిగాయి గనుక అది 1955 జనవరి కావాలి. మళ్ళీ, నాన్నగారు నెహ్రూగారిని చూడడానికి నాగార్జునసాగరం శంకుస్థాపనకు వెళ్ళివచ్చిన కొన్నాళ్ళకే అంటుంది. అది 1955 డిసెంబరు 10, అప్పుడు 1956 జనవరి అవుతుంది. రెండు సాక్ష్యాలూ ఒకే నోటివి. అప్పటికి ఆమెకు ఏడెనిమిదేళ్ళు. గోడల మీది వ్రాతలు తన కళ్ళతో చూసినవి, సాగరం సంగతి తరువాత ఎన్నోసార్లు ఇంట్లో విన్నది. నా మొగ్గు మొదటిదాని వైపు. మేనల్లుడు ఫోనులో, "ఇన్ఫర్డ్ అని వ్రాయండి మామయ్యా, మెజర్డ్ అనకండి" అన్నాడు. వేళాకోళం కాదు, వాడి గొంతు కూడ అదోలా ఉన్నది.

శాస్త్రరీత్యా తిథి పెట్టనక్కరలేదని నాకు తెలుసు. పుస్తకంలో నాన్నగారి చేతివ్రాత ముగిసినచోట, నా అక్షరాలతో "చి. అన్నపూర్ణ, ఏడు నెలల పదకొండు రోజులు" అని వ్రాసి, తిథి చోటు ఖాళీగా ఉంచాను. కంప్యూటరు రెండేళ్ళకూ తిథులు లెక్కించి ఇస్తుందని చెప్పారు. కాని మా నాన్నగారు ఎప్పుడూ పంచాంగం అంచులలో ఇంటి సంగతులు వ్రాసుకొనేవారు. మా ఇంటి జయ, మన్మథ నామ సంవత్సరాల పంచాంగాలు రెండూ లేవు, మిగిలినవన్నీ ఉన్నాయి. బంధువులలో ఎవరింటికో చేరి ఉంటాయని అక్క అంటున్నది. వచ్చే వారం గుడివాడ వెళ్ళి చిన్నాన్నగారి అటక వెదకాలి.